ముసాయిదాపై అభ్యంతరాల గడువు: జిల్లా, పంచాయతీ, వార్డు మారేటప్పుడు ఈ సర్కారీ సేవ ఎంతవరకు పనికొస్తుంది?

జిల్లాను విడగొట్టినా, మండలం మార్చినా, పంచాయతీని మున్సిపాలిటీలో కలిపినా, వార్డు హద్దులు తిరగగీసినా తుది నిర్ణయానికి ముందు సర్కారు సాధారణంగా ఒక ప్రకటన ఇస్తుంది. "అభ్యంతరాలు, సూచనలు ఉంటే ఫలానా తేదీలోగా రాతపూర్వకంగా తెలపాలి" అన్నది దాని సారాంశం. ఆదాయ ధ్రువపత్రం, అడంగల్ నకలు ఎలా పౌరుడికి అందాల్సిన సేవలో ఇదీ అలాంటి సేవే. దరఖాస్తు ఉంది, గడువు ఉంది, తీసుకోవాల్సిన అధికారి ఉన్నారు, చెడే చోట్లూ ఉన్నాయి. అందుకే దీన్ని సేవగానే చూసి మంచిచెడ్డలు చెబుతున్నాం.

ముందే తేల్చేస్తే, చట్టంలో రాసినంత వరకు దీనికి ఐదుకు నాలుగు మార్కులు. ఆచరణకు రెండు. అభ్యంతరం పెట్టినవారికి తిరిగి జవాబు చెప్పే విషయంలో ఒక్క మార్కు వేయడానికి కూడా చేయి రాదు. అయినా వాడుకోవద్దని అనం. సరైన కాగితం సరైన చోట పడితే పని జరిగే వీలుంది. పడకపోతే, వెయ్యి సంతకాలు ఉన్నా అది కట్టలో ఒక కాగితమే.

ఒకే మాట, నాలుగు వేర్వేరు దారులు

అందరూ "అభ్యంతరాలు" అని ఒకే మాట వాడుతారు గానీ, ఏ మార్పుకు ఏ చట్టం అన్నదాన్ని బట్టి సేవ పూర్తిగా మారిపోతుంది. ఇది తెలియకే చాలామంది మొదటి అడుగులో తప్పుతారు.

జిల్లా, రెవెన్యూ డివిజన్, మండలం, రెవెన్యూ గ్రామం (భూమి రికార్డుల్లో ఉండే గ్రామం) మారేటప్పుడు వర్తించేది 1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టం. రెండు తెలుగు రాష్ట్రాలూ ఇప్పటికీ దాన్నే వాడుతున్నాయి. 3వ సెక్షన్ ప్రకారం, మార్పు వల్ల ప్రభావితమయ్యే ప్రాంతంలో నివసించేవారి నుంచి అభ్యంతరాలు, సూచనలు పిలిచి, పరిశీలించాకే తుది నోటిఫికేషన్ ఇవ్వాలి. గడువు 30 రోజులు. కాగితం చేరాల్సింది సంబంధిత జిల్లా కలెక్టరుకు. నాలుగు దారుల్లో మేలైనది ఇదే. ఎందుకంటే ఇక్కడ హక్కు నేరుగా మనిషికి ఉంది. సర్పంచి ఒప్పుకున్నా, ఎమ్మెల్యే కాదన్నా, ఆ ఊరి మనిషి ఒక్కరే రాసి ఇవ్వవచ్చు.

పంచాయతీ హద్దుల సంగతి వేరు. ఆంధ్రలో అమల్లో ఉన్న 1994 పంచాయతీరాజ్ చట్టం (తెలంగాణలో దాని స్థానంలో 2018 చట్టం వచ్చింది) 3వ సెక్షన్‌లో ఒక గ్రామాన్ని చేర్చాలన్నా తీసేయాలన్నా ముందు ఆ గ్రామ పంచాయతీకే తన వాదన చెప్పుకునే అవకాశం ఇవ్వాలని ఉంది. అంటే సర్కారు అడిగేది పంచాయతీని, ఇంటింటినీ కాదు. ఎన్నికైన పాలకవర్గం ఉన్నప్పుడు ఇది బాగానే ఉంటుంది. గడువు ముగిసి ప్రత్యేకాధికారి పాలన నడుస్తున్నప్పుడు ఆ నోటీసు అందుకునేది కూడా సర్కారు ఉద్యోగే. అడిగేవారు, జవాబిచ్చేవారు ఒకే వైపు కూర్చుంటే ఊరి మాట ఎక్కడ వినపడుతుంది? తెలంగాణలో పంచాయతీ పాలకవర్గాల గడువు 2024 ఫిబ్రవరి మొదట్లో ముగిసింది, ఎన్నికలు 2025 డిసెంబరులో జరిగాయి. దాదాపు రెండేళ్ల ఈ నడిమధ్య కాలంలోనే, 2024 సెప్టెంబరులో, ఔటర్ రింగ్ రోడ్డు చుట్టుపక్కల 51 పంచాయతీలు మున్సిపాలిటీల్లో కలిశాయి. ఆ ఊళ్లలో అప్పటికి తీర్మానం చేయగల పాలకవర్గమే లేదు.

మూడోది మున్సిపల్ వార్డుల విభజన. ఇక్కడ గడువు చాలా చిన్నది. 2025 డిసెంబరులో జీహెచ్ఎంసీని 300 వార్డులుగా విభజిస్తూ ముసాయిదా ఇచ్చి, అభ్యంతరాలకు వారం రోజులు ఇచ్చారు. అంత పెద్ద నగరంలో ఒక కాలనీ సంఘం సమావేశం పెట్టుకుని, హద్దులు చదివి, రాసి ఇవ్వడానికి ఏడు రోజులు ఏ మూలకూ చాలవు.

నాలుగోది శాసనం లేదా ఆర్డినెన్సు దారి. పై 51 పంచాయతీల విలీనం ఆర్డినెన్సుతోనే జరిగింది. చట్టమే మారిస్తే అభ్యంతరాల గడువు అనే మాటే ఉండదు. ముసాయిదా బిల్లులను కనీసం 30 రోజులు ప్రజల ముందు ఉంచాలని కేంద్రం 2014 ఫిబ్రవరిలో ఒక విధానం ప్రకటించింది. అది కేంద్ర శాఖలకు, అదీ విధానంగా మాత్రమే. రాష్ట్రాల బిల్లులను అది కట్టిపడేయదు. ఈ దారిలో వెళ్లే మార్పుకు మిగిలేది శాసనసభ్యుడిని కలవడం, సభలో మాట్లాడించడం.

కాబట్టి పత్రికలో వార్త చూడగానే చేయాల్సిన మొదటి పని జీవో తెచ్చుకుని దాని మొదటి పేరా చదవడం. ఏ చట్టం, ఏ సెక్షన్ కింద ఇచ్చారో అక్కడే ఉంటుంది. అభ్యంతరం ఎవరికి, ఎప్పటిలోగా అన్నది చివరి పేరాల్లో ఉంటుంది. మధ్యలోని పేజీలన్నీ షెడ్యూళ్లు.

ఈ సేవ నిజంగా ఏమైనా మార్చిందా?

మార్చింది. తెలంగాణలో 2016 ఆగస్టు 22న ఇచ్చిన ముసాయిదాలో పాత 10 జిల్లాలకు 17 కలిపి మొత్తం 27 జిల్లాలు ప్రతిపాదించారు. అభ్యంతరాలు తీసుకోవడానికి ప్రత్యేకంగా వెబ్‌సైట్ కూడా పెట్టారు. అదే ఏడాది అక్టోబరు 11న దసరా నాడు అమల్లోకి వచ్చినవి మాత్రం 31. జనగామ, సిరిసిల్ల, గద్వాల, ఆసిఫాబాద్ ముసాయిదాలో లేని జిల్లాలు. ఈ నాలుగూ వెబ్‌సైట్‌లో నింపిన ఫారాల వల్లే వచ్చాయని అంటే అది అబద్ధం. వీధుల్లో ఉద్యమాలు నడిచాయి, రాజకీయ లెక్కలు నడిచాయి. అయినా ముసాయిదాకూ తుది నోటిఫికేషన్‌కూ మధ్య 50 రోజులు ఉండబట్టే ఆ ఒత్తిడికి, ఆ లెక్కలకు చోటు దొరికింది. ఒకేసారి తుది ఉత్తర్వు వచ్చి ఉంటే ఆ నాలుగింటికి మళ్లీ ఎన్నేళ్లు పట్టేదో.

ఆంధ్రప్రదేశ్‌లో 2022 జనవరి చివర ముసాయిదా వచ్చింది, ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. లోక్‌సభ నియోజకవర్గానికి ఒక జిల్లా, విస్తీర్ణం ఎక్కువైన అరకుకు రెండు అన్నది స్థూలంగా సూత్రం. సూత్రం ముందే ఖాయమైపోయాక అభ్యంతరాలకు మిగిలే జాగా చిన్నది. జిల్లా కేంద్రం ఎక్కడ ఉండాలన్న పెద్ద గొడవల్లో ముసాయిదా మాటే నెగ్గింది. హిందూపురం అడిగినా శ్రీసత్యసాయి జిల్లాకు పుట్టపర్తే కేంద్రమైంది. రాజంపేట పోరాడినా అన్నమయ్య జిల్లాకు రాయచోటే అయింది. ఈ అనుభవం నుంచి తెలిసేది ఒకటుంది. ముసాయిదా ఏ సూత్రం మీద నిలబడిందో ఆ సూత్రాన్నే కాదంటే కాగితం పక్కకు పోతుంది. అదే సూత్రం లోపల, ఈ మండలం ఆ డివిజన్‌లో ఉండాలి, ఈ ఊరు ఈ మండలంలో ఉండాలి అన్న స్థాయిలో అడిగితే వినే వీలు ఎక్కువ.

మూడో ఉదాహరణ 2025 నాటిది. ఆంధ్రప్రదేశ్‌లో నవంబరు చివర ముసాయిదా ఇచ్చి 30 రోజుల గడువు పెట్టారు. తుది నోటిఫికేషన్ డిసెంబరు చివరకే వచ్చింది, జిల్లాలు 28 అయ్యాయి. ముసాయిదాలో మదనపల్లె కొత్త జిల్లా. తుదిలో అది అన్నమయ్య జిల్లాకు కేంద్రమైంది, కొత్తగా వచ్చినవి మార్కాపురం, పోలవరం. అంటే ఈసారి కూడా ముసాయిదా మారింది. కానీ అభ్యంతరాల గడువు ముగియడానికీ తుది నిర్ణయానికీ మధ్య మిగిలినవి కొద్ది రోజులే. చివరి రోజు ఒక మారుమూల మండలం నుంచి కలెక్టరేటుకు చేరిన కాగితాన్ని తహసీల్దారు రిమార్కు కోసం పంపి, తెప్పించుకుని, రాజధానికి చేర్చడానికి ఆ వ్యవధి ఎలా సరిపోతుంది? తొందరకు కారణం ఉంది. జనగణన కోసం 2025 డిసెంబరు 31 తర్వాత పాలనా హద్దులు కదపరాదని కేంద్రం గీత గీసింది. ఆ గీత ముందే తెలుసు కాబట్టి ముసాయిదా రెండు నెలలు ముందు ఇవ్వాల్సింది. ఇందుకే ఆచరణకు రెండు మార్కులే వేశాం.

షెడ్యూల్ చదవడం: అసలు పని ఇక్కడే

ముసాయిదా చేతికి వచ్చాక అందరూ చూసేది జిల్లా పేరు, కేంద్రం పేరు. అసలు తప్పులు దొర్లేది షెడ్యూల్‌లో. వరస సంఖ్య, మండలం, రెవెన్యూ గ్రామం పేరు గళ్లు గీసి పేజీలకు పేజీలు ఉంటాయి. దాన్ని వేలు పెట్టి గీత గీతకూ చదవాలి.

షెడ్యూల్‌లో ఉండేది రెవెన్యూ గ్రామం. మనం ఊరు అనుకునేది చాలాసార్లు దాని శివారు. ఒక రెవెన్యూ గ్రామం కింద మూడు నాలుగు శివారు ఊళ్లు, తండాలు ఉండవచ్చు. ఒక్కో శివారు వేరే పంచాయతీ కూడా అయి ఉండవచ్చు, ముఖ్యంగా తెలంగాణలో 2018 చట్టంతో తండాలు, గూడేలు పెద్ద ఎత్తున పంచాయతీలు అయ్యాక. "మా ఊరి పేరు జాబితాలో లేదు, మమ్మల్ని వదిలేశారు" అన్న అభ్యంతరం ఇలాంటి చోట పుడుతుంది. నిజానికి ఊరు ఎక్కడికీ పోలేదు, రెవెన్యూ గ్రామం పేరు కింద దాగి ఉంది. దీన్ని సరిచూసుకోవడం తేలిక. భూమి రికార్డుల పోర్టల్ (ఆంధ్రలో మీభూమి, తెలంగాణలో భూభారతి) తెరిచి జిల్లా, మండలం, గ్రామం వరసలో ఎంచుకుంటూ పోతే మూడో గడిలో వచ్చే పేరే రెవెన్యూ గ్రామం. పట్టాదారు పుస్తకం మీద ఉండేదీ అదే పేరు.

రెండో తప్పు పేర్ల తోకల దగ్గర. తెలంగాణలో ఒకే పేరుకు ఖుర్దు, కలాన్, బుజుర్గు, ఖల్సా, మక్తా అని తోకలుంటాయి. ఆంధ్రలో అగ్రహారం, కండ్రిగ, బిట్-1, బిట్-2 అని ఉంటాయి. టైపు చేసేటప్పుడు తోక ఊడితే రెండు గ్రామాలు ఒకటైపోతాయి, లేదా ఒకటి రెండు మండలాల్లో కనిపిస్తుంది. రామాపురం, కొత్తపల్లి, వెంకటాపురం లాంటి పేర్లు పక్కపక్క మండలాల్లోనే ఉంటాయి. ఇలాంటి తప్పు దొరికితే వాదన అక్కర్లేదు. వరస సంఖ్య చూపించి, సరైన పేరు రాసి, కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ఆ గ్రామానికి ఉన్న కోడ్ జోడిస్తే చాలు. అధికారులు సంతోషంగా సరిచేసే అభ్యంతరం ఇదొక్కటే. వదిలేస్తే మాత్రం తర్వాత రిజిస్ట్రేషన్ దగ్గర, బ్యాంకు రుణం దగ్గర, ధ్రువపత్రం దగ్గర ఏళ్ల తరబడి వెంటాడుతుంది.

వార్డుల ముసాయిదా చదవడం ఇంకా కష్టం. హద్దులు తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం అని మాటల్లో రాస్తారు. ఫలానా నాలా నుంచి ఫలానా ఇంటి నంబరు దాకా, అక్కడి నుంచి మసీదు మీదుగా మెయిన్ రోడ్డు దాకా అన్నట్టుగా. దీన్ని కూర్చుని చదివితే అర్థం కాదు. ఒకరు చదువుతుంటే ఇద్దరు ఆ దారి వెంట నడవాలి. నడిచినప్పుడే తెలుస్తుంది, ఒక సందు రెండు వార్డుల్లోనూ పడిందనో, ఏ వార్డులోనూ పడలేదనో.

వార్డుల విషయంలో ఎక్కువమంది ఓడిపోయే వాదన జనాభాది. "మా వార్డులో ఇప్పుడు యాభై వేలమంది ఉన్నారు" అని రాస్తారు. అది నిజమే కావచ్చు. కానీ రాజ్యాంగంలోని 243పి అధికరణం ప్రకారం జనాభా అంటే ప్రచురించిన చివరి జనగణన లెక్క, అంటే ఇప్పటికీ 2011 లెక్కే. అందుకని ఇప్పటి ఇళ్ల లెక్కతో వాదించకూడదు. 2011 ఎన్యూమరేషన్ బ్లాకుల (జనగణన కోసం విడగొట్టిన చిన్న భాగాల) వారీ జనాభా అడిగి, వాటిని కూడి, సగటు నుంచి వార్డు ఎంత తప్పిందో చూపాలి. వార్డుకూ వార్డుకూ మధ్య తేడా సగటు మీద పది శాతం దాటకూడదన్నది విభజనలో పాటించాల్సిన కొలత. ఆ కొలత దాటిందని అంకెల్లో చూపిన కాగితాన్ని పక్కన పెట్టడం అధికారికి కష్టం.

కాగితం ఎలా ఉండాలి

ఒక పేజీ. రెండో పేజీ అవసరమైతే అది పటమో పట్టికో కావాలి. పైన జీవో సంఖ్య, తేదీ, షెడ్యూల్ సంఖ్య, వరస సంఖ్య. తర్వాత ఒక్క వాక్యం: "ఈ వరసలో మా రెవెన్యూ గ్రామాన్ని ఫలానా మండలంలో చూపారు, దీన్ని ఫలానా మండలంలోనే ఉంచవలసిందిగా కోరుతున్నాం." ఏం కావాలో ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే ఆ కాగితం ఇంకా సిద్ధం కాలేదనే అర్థం. చాలా అభ్యంతరాలు ఊరి చరిత్రతో, గుడి ప్రాశస్త్యంతో మొదలై, అడిగేదేమిటో చివరి పేరాలో ఎక్కడో కలిసిపోతాయి. కలెక్టరేటులో గుమస్తా దాన్ని పట్టికలోకి ఎక్కించేటప్పుడు ఒక గడిలో ఒక్క వాక్యం మాత్రమే రాస్తాడు. ఆ వాక్యం ఆయన ఊహకు వదలకుండా మనమే రాసి పెట్టాలి.

కారణాలు మూడు చాలు, కొలవగలిగేవి. ప్రస్తుత మండల కేంద్రం ఎన్ని కిలోమీటర్లు, కొత్తది ఎన్ని, నేరుగా బస్సు ఉందా, ఎన్నిచోట్ల మారాలి. మధ్యలో వాగు ఉంటే వానకాలం ఎన్ని రోజులు దారి మూసుకుపోతుంది. పోలీస్ స్టేషన్, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం, కోర్టు ఇప్పుడు ఏ వైపు ఉన్నాయి. "మా మనోభావాలు దెబ్బతింటాయి" అన్న మాటకు రిమార్కు రాయడం అధికారికి చాలా తేలిక, 6 కిలోమీటర్ల దూరం 19 అవుతుందన్న మాటకు అంత తేలిక కాదు.

ఆ చట్టం తేల్చని విషయాలు అందులో రాయకపోవడం మంచిది. 1974 చట్టం కింద ఇచ్చే నోటిఫికేషన్ రెవెన్యూ పాలన కోసం. దానివల్ల అసెంబ్లీ, లోక్‌సభ నియోజకవర్గాలు మారవు. ఉద్యోగాల్లో స్థానికత రాష్ట్రపతి ఉత్తర్వుల మీద నడుస్తుంది. తెలంగాణలో జిల్లాలు 2016లో మారితే కొత్త ఉత్తర్వులు 2018లో వచ్చాయి. ఆంధ్రలో 2022లో జిల్లాలు 26 అయినా జిల్లా పరిషత్తులు పాత 13 జిల్లాల లెక్కనే కొనసాగాయి. "మా పిల్లలకు ఉద్యోగాలు పోతాయి" అన్న భయం తప్పు కాదు, కానీ దాన్ని ఈ కాగితంలో రాస్తే "ఈ అంశం పరిధిలో లేదు" అన్న ఒక్క రిమార్కుతో మిగతా మంచి కారణాలు కూడా కొట్టుకుపోతాయి.

సంతకాల సంగతి. ఒకే ఫారం వెయ్యి నకళ్లు తీసి వెయ్యిమందితో విడివిడిగా ఇప్పించడం కన్నా, ఒకే అర్జీకి వెయ్యి సంతకాలు జత చేయడం మేలు. విషయం ఒకటే అయితే పట్టికలో అది ఒక అంశంగానే ఎక్కుతుంది. విడి కాగితాలు వాళ్లకు పని పెంచుతాయి, మనకు బలం పెంచవు. పంచాయతీ తీర్మానం ఉంటే దాని సంఖ్య, తేదీ, కార్యదర్శి సంతకంతో నకలు తప్పక పెట్టాలి. తీర్మానం గ్రామసభది అయితే ఇంకా మంచిది. తెలంగాణ 2018 చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి కాబట్టి, ముసాయిదా వచ్చిన నెలలోనే సభ పడేలా అడగవచ్చు.

ఇచ్చే చోట

నోటిఫికేషన్‌లో ఎవరి పేరు ఉంటే ఆ కార్యాలయానికే ఇవ్వాలి. కలెక్టరేటులో తపాలా తీసుకునే ఇన్‌వర్డ్ సెక్షన్ ఉంటుంది. రెండు ప్రతులు తీసుకెళ్లి, రెండో దాని మీద ముద్ర, తేదీ, వీలైతే ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోవాలి. ముద్ర వేయించుకోకుండా వెనక్కి రాకూడదు. సోమవారం జరిగే ప్రజావాణిలోనో, ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనో ఇస్తే దారి తప్పే ప్రమాదం ఉంది. అక్కడ అది పింఛన్లు, భూతగాదాల అర్జీల వరసలో నంబరు వేసుకుని కింది అధికారికి పోతుంది. "అర్జీ పరిష్కరించబడింది" అని ఫోనుకు సందేశం కూడా రావచ్చు, ముసాయిదా ఫైల్లో మాత్రం ఆ కాగితం ఉండదు. ఎమ్మెల్యేకు, మంత్రికి ఇచ్చిన వినతిపత్రం కూడా ఇంతే. ఫొటో బాగుంటుంది, రికార్డులో ఉండదు.

రెండు జిల్లాల మధ్య ఊరు మారుతుంటే ఇద్దరు కలెక్టర్లకూ ఇవ్వాలి. దూరమైతే స్పీడ్ పోస్టు. గడువు తేదీలోగా పంపడం వేరు, చేరడం వేరు. లెక్కకు వచ్చేది చేరిన తేదీ అనుకుని కనీసం వారం ముందే పంపాలి.

జవాబు రాదు, తెచ్చుకోవాలి

ఈ సేవలో అన్నిటికన్నా బాధ కలిగించే లోపం ఇదే. పొలం పని మానుకుని, సంతకాలు సేకరించి, కలెక్టరేటు దాకా వచ్చి ఇచ్చిన మనిషికి "మీరు చెప్పింది చూశాం, ఫలానా కారణం వల్ల కుదరలేదు" అని ఒక్క వాక్యం రాదు. తుది నోటిఫికేషన్‌లో "అందిన అభ్యంతరాలను, సూచనలను జాగ్రత్తగా పరిశీలించిన మీదట" అన్న తరహా మాట ఒక్కటే ఉంటుంది, అందరికీ కలిపి. నిజంగా చూశారో లేదో దాన్నిబట్టి తెలియదు. కలెక్టరేటులో అభ్యంతరం, కింది అధికారి రిమార్కు, సిఫారసు అని పట్టిక తయారవుతుంది, అదే పైకి వెళుతుంది. ఆ పట్టికను వెబ్‌సైట్‌లో పెట్టడానికి ఖర్చేమీ లేదు. పెడితే సగం అనుమానాలు అక్కడే తీరుతాయి.

పెట్టనప్పుడు సమాచార హక్కు చట్టమే దిక్కు. 2005 చట్టంలో 4(1)(డి) క్లాజు ప్రకారం నిర్ణయాలకు కారణాలను ప్రభావితులైనవారికి ప్రభుత్వమే చెప్పాలి. 4(1)(సి) ప్రకారం ప్రజలపై ప్రభావం చూపే నిర్ణయాలు ప్రకటించేటప్పుడు సంబంధిత వాస్తవాలన్నీ ప్రచురించాలి. ఈ రెండూ ఉటంకిస్తూ, కలెక్టరేటు ప్రజా సమాచార అధికారికి దరఖాస్తు పెట్టాలి. ఫీజు 10 రూపాయలు, దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారికి లేదు. "నా అభ్యంతరం ఏమైంది" అని అడిగితే "పరిశీలనలో ఉంది" అని వస్తుంది. అలా కాకుండా పత్రం పేరుతో అడగాలి: ఫలానా జీవోపై అందిన అభ్యంతరాల సమగ్ర పట్టిక, మా గ్రామానికి సంబంధించిన వరసలో తహసీల్దారు, ఆర్డీవో, కలెక్టరు రాసిన రిమార్కుల నకలు, ప్రభుత్వానికి పంపిన లేఖ నకలు. 30 రోజుల్లో రాకపోతే మరో 30 రోజుల్లోగా మొదటి అప్పీలు. ముసాయిదా గడువు 30 రోజులే కాబట్టి ఈ సమాచారం చాలాసార్లు తుది నిర్ణయం తర్వాతే చేతికి వస్తుంది. అయినా అడిగి దాచుకోవాలి. రిమార్కులో దూరం తప్పు రాశారని తేలితే తర్వాతి సవరణకు అదే ఆధారం. హైకోర్టుకు వెళ్లాలన్నా ఆధారాలు ఇవే. హద్దులు ఎలా గీయాలన్న విధాన నిర్ణయంలో కోర్టులు సాధారణంగా తలదూర్చవు, చట్టం చెప్పిన పద్ధతి పాటించలేదని చూపితే మాత్రం వింటాయి. ముద్ర వేయించుకున్న ఆ రెండో ప్రతి విలువ అప్పుడు తెలుస్తుంది.

ఇప్పుడు ఎవరికి పనికొస్తుంది

ప్రస్తుతం హద్దులు 2027 మార్చి 31 వరకు కదలవు, జనగణన ముగిసేదాకా. ఇది నిరుత్సాహపడాల్సిన విషయం కాదు. వారం గడువులో ఊపిరాడక చేసే పనికి ఇప్పుడు ఆ తేదీ దాకా వ్యవధి దొరికినట్టు. ముందే తప్పు మండలంలో, తప్పు జిల్లాలో పడ్డామనుకునే ఊళ్లు ఈలోగా తమ ఫైలు కట్టుకోవాలి. రెవెన్యూ గ్రామం పేరు, కోడ్, శివార్ల జాబితా ఒక కాగితం. కార్యాలయాల దూరాలు, బస్సు వేళలు ఒక కాగితం. గ్రామసభ తీర్మానం ఒకటి. 2022లోనో 2025లోనో ఇచ్చిన పాత అభ్యంతరం, దాని మీద ముద్ర, సమాచార హక్కు కింద తెచ్చుకున్న రిమార్కు నకలు. పట్టణాల్లో కాలనీ సంఘాలు జనగణన లెక్కలు వెలువడగానే తమ బ్లాకుల జనాభా తీసుకుని పెట్టుకుంటే, అప్పుడు 2011 లెక్క పోయి కొత్త లెక్క వాదనకు వస్తుంది. ఎప్పుడో ఒక సాయంత్రం ముసాయిదా వచ్చినప్పుడు, ఆ ఫైల్లో రాయాల్సింది జీవో సంఖ్య, వరస సంఖ్య మాత్రమే మిగిలి ఉండాలి.